తొమ్మిదంతస్తుల బొమ్మల కొలువు

మా నిమ్మలపాడు పురపాలక సంఘం వారు ఈ ఏడాది శరదృతువును తప్పనిసరి చేశారు. అంతకు ముందు అది దానంతట అదే వచ్చిపోయేది, ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. వానలు వెనకబట్టి, దడి మీద కాకరపాదు తేరుకుని, కొట్లలో ప్రమిదలు కనబడితే ఓహో దసరా వచ్చిందనుకునేవాళ్ళం. అట్లా అనుకుంటే చాలదట. ఇకమీదట ఋతువు రావాలంటే ముందు మునిసిపాలిటీలో నమోదు కావాలట.

సంగతేమంటే, మా కమిషనరు గారు ఏదో శిక్షణ కోసం చలిదేశం వెళ్ళొచ్చారు. అక్కడ ఈ రోజుల్లో ఇళ్ళన్నీ ముస్తాబు చేస్తారట. గుమ్మానికి ఎర్రటి ఎండుటాకుల దండలు, వాకిట్లో గుమ్మడికాయలు, కిటికీల్లో చేత్తో చేసిన బొమ్మలు, లోపల ఓవెన్‌లో ఏదో ఒకటి కాలుతూ కమ్మటి వాసన. ఆయన ఫోను నిండా అవే ఫొటోలు. వచ్చిన వారానికల్లా ‘శరత్ శోభ’ అని పథకం పెట్టారు. “పట్టణమందలి ప్రతి గృహమూ ఋతువుకు అనుగుణమైన ఒక అలంకరణ, ఒక హస్తకళ, ఒక కాల్చిన తినుబండారము కలిగి ఉండవలెను. సదరు మూడింటినీ వార్డు సిబ్బంది స్వయముగా చూసి నమోదు చేయవలెను” అని ఉత్తర్వు.

మా ఊళ్ళో ఆశ్వయుజ మాసంలో ఎర్రటి ఆకులెక్కడివండీ? చెట్లన్నీ వానలో తడిసి నవనవలాడుతుంటాయి. ఆకు రాలాలంటే ఎవరో ఒకరు ఎక్కి దులపాలి. అందుకని పారిశుద్ధ్యం వాళ్ళ దగ్గర చీపుళ్ళు తీసేసుకుని రంగు డబ్బాలు, బ్రష్షులు ఇచ్చారు. పాపం వాళ్ళు బస్టాండు దగ్గర కానుగ చెట్లకి ఆకు ఆకుకీ నారింజ రంగు వేస్తుంటే మళ్ళీ వాన పడేది. గుమ్మడికాయల పని మాత్రం తేలిగ్గా అయిపోయింది. ప్రతి ఇంటి గుమ్మానికీ దిష్టి కోసం రాక్షసుడి మొహం గీసిన గుమ్మడికాయ ఎప్పటినుంచో వేలాడుతూనే ఉంది కాబట్టి దాన్ని ‘ముందస్తు అమలు’ కింద రాసుకుని వెళ్ళిపోయారు.

మా ఆవిడ త్రిపుర ఈ గోల ఏదీ చెవిన వేసుకోలేదు. ఆమె దిగులు ఆమెది. వేసవిలో వాళ్ళమ్మ పోయింది. ఆవిడ ప్రతి దసరాకీ ఒక కొత్త బొమ్మ కొని, పాత చీరముక్కలో చుట్టి దాచుకుంటూ వచ్చిన బొమ్మలన్నీ బాపట్ల నుంచి రేకుపెట్టెలో మా ఇంటికి చేరాయి. మట్టి బొమ్మలు, చెక్క బొమ్మలు, లక్క చిలకలు. వాటిని త్రిపుర తన చేతుల మీదుగా కొలువు తీర్చే మొదటి దసరా ఇది.

“ఒక్క బొమ్మకి వేలు విరిగినా నేను తట్టుకోలేనండీ” అంది పెట్టె తెరుస్తూ. ఏడుపు ఆపుకుంటోందని నాకు తెలుస్తూనే ఉంది. “కొలువు తీర్చాక దశమి సాయంత్రం దాకా ఎవరూ కదపగూడదు. మా అమ్మ ఎన్నడూ కదపనియ్యలేదు. బొమ్మల్ని వట్టి నేల మీద పెట్టనూ లేదు.”

అట్లాగే తీర్చింది. కింద ఆ రేకుపెట్టె, దాని మీద బల్ల, వెనక బియ్యం డబ్బాలు, బీరువా మీది సూటుకేసులు, వాటన్నిటి మీదా చెక్కలు వేసి తొమ్మిది మెట్లు కట్టింది. పైన పరచడానికి నా పెళ్ళి పట్టుపంచె తీసింది. నేనేదో అనబోయాను గానీ వినే స్థితిలో లేదు. పైమెట్టు మీద కలశం, అమ్మవారు. కిందికి వస్తూ దశావతారాలు, పెళ్ళివారు, మేళగాళ్ళు, పప్పులూ బెల్లం కొట్టు పెట్టుకు కూర్చున్న బొద్దు దంపతులు. అడుగున పళ్ళేలలో మెంతులు మొలకెత్తించి పార్కు పెంచింది. పార్కు మధ్యలో చెరువు కావాలంటూ నేను గడ్డం గీసుకునే అద్దం పట్టుకుపోయింది. దాంతో దసరా అయ్యేదాకా నేను గడ్డం అంచనా మీద గీసుకోవలసి వచ్చింది. దవడ మీద ఈ గాటు అప్పటిదే.

మర్నాడు వార్డు ప్లానింగ్ సెక్రటరీ ప్రశాంతి వచ్చింది. మంచి పిల్ల, చేతిలో ఫోను లేకపోతే ఇంకా మంచి పిల్ల. కొలువు చూసి చేతులు జోడించి, “భలే ఉంది ఆంటీ. ఇది ఏందని ఎక్కించమంటారు?” అని అడిగింది.

“బొమ్మల కొలువని రాయమ్మా” అన్నాను.

“అది యాప్‌లో లేదంకుల్.”

కొత్త యాప్ చేయించాలంటే టెండరు పిలవాలట. పిలిస్తే ఋతువు దాటిపోతుందట. అందుకని ఇళ్ళ ప్లాన్లు ఆమోదించే పాత యాప్‌కే పేరు మార్చి, మీద ఒక ఎండుటాకు బొమ్మ అతికించి ఇచ్చారట. “అలంకరణ అని కొడితే నిర్మాణం అని పడుతుందండి. దానికింద అంతస్తులెన్ని అని అడుగుతుంది” అంది.

“మెట్లు తొమ్మిదని కొట్టు.”

“మెట్లంటే తీసుకోవట్లా అంకుల్. అంతస్తులే కావాలంట.” కాసేపు ఆలోచించి తొమ్మిది కొట్టేసింది. ఫోను కీచుమంది. తెర అంతా ఎర్రబడింది. శరదృతువు కదా, ఎర్రాకుల రంగేమో అనుకుని నేను పట్టించుకోలేదు.

తెల్లారేసరికి తలుపుకి నోటీసు అంటించి ఉంది. “మీరు మీ గృహము హాలు నందు ఎట్టి అనుమతియూ లేకుండా తొమ్మిది అంతస్తుల భవనమును నిర్మించి నివాసులను సైతము ప్రవేశపెట్టినట్లు మా దృష్టికి వచ్చినది. సదరు భవనమును ఎందుకు కూల్చరాదో సంజాయిషీ ఇవ్వవలెను.”

నేను నవ్వాను. త్రిపుర నవ్వలేదు. ‘కూల్చ’ అన్న చోట వేలు పెట్టి అట్లాగే నిలబడిపోయింది.

పదింటికి టౌన్ ప్లానింగ్ అధికారి భుజంగరావు గారు దిగారు. భారీ మనిషి, భారీ మాట. చెప్పులు బయట విడిచి, అమ్మవారికి దణ్ణం పెట్టి, కళ్ళకద్దుకుని, ఆ తర్వాత జేబులోంచి టేపు తీశారు. భక్తి భక్తే, కొలత కొలతే.

“ఇది బొమ్మల కొలువండీ. మీ ఇంట్లో మాత్రం పెట్టరా?” అన్నాను.

“పెడతారు. అది నమోదు కాలేదు. నమోదు కానిది ప్రభుత్వ దృష్టిలో లేనట్టు. మీది నమోదైంది, కాబట్టి ఉంది. ఉంది కాబట్టి అక్రమం” అన్నారు ఆయన, పసిపిల్లాడికి చెప్పినంత ఓపిగ్గా. “ఇంతకీ అగ్నిప్రమాదం సంభవించిన పక్షంలో పై అంతస్తుల నివాసులు దిగుటకు మెట్లేవి?”

“అన్నీ మెట్లే కదండీ.”

“అవి అంతస్తులు. మెట్లు వేరే చూపాలి.” తర్వాత వంగి పార్కు కేసి చూశారు. “ఈ చెరువు ఎవరిది?”

“నా గడ్డం అద్దమండీ.”

“ఏదైనా కానివ్వండి. చెరువు గర్భానికి ఇంత చేరువలో బహుళ అంతస్తుల నిర్మాణం నిషిద్ధం.”

ఇదే అదనుగా నా అద్దం నాకు దక్కుతుందని ఆశపడి తీయబోయాను. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు. “చెరువు పూడుస్తారా? అది ఇంతకన్నా పెద్ద నేరం.”

త్రిపుర ముందుకు వచ్చింది. కొంగు బొడ్లో దోపుకుంది. “ఏమేం కట్టాలో అన్నీ చెప్పండి, కడతాను. బొమ్మని మాత్రం కదపను” అంది. ఆ గొంతు నాకు తెలుసు. నేను వెంటనే బజారుకి బయలుదేరాను.

ఇక మా ఇల్లు కర్మాగారం అయిపోయింది. ఐస్‌క్రీం పుల్లలు జిగురుతో అతికి అగ్నిమాపక మెట్లు కట్టింది. అగ్గిపెట్టెకి దారం కట్టి, పైన దారపుండ బిగించి లిఫ్టు చేసింది. సీసా మూత పాతి ఇంకుడుగుంత అంది. చుట్టూ ప్రహరీ ఉండాలన్నారు కాబట్టి, పిండి, చక్కెర, నెయ్యి ఇచ్చి నన్ను బషీర్ బేకరీకి తోలింది. మా ఊళ్ళో సరుకు మనం పట్టుకెళితే వాళ్ళు బిస్కెట్లు కాల్చి డబ్బాకెత్తి ఇస్తారు. ఆ బిస్కెట్లని ముదురు బెల్లం పాకంతో ఒకదాని మీద ఒకటి అతికించి చక్కటి గోడ కట్టింది. ఆ గోడ వల్ల ‘కాల్చిన తినుబండారము’ అన్న నిబంధన కూడా తీరిపోయిందని ప్రశాంతి సంతోషించి ఫొటో తీసుకుంది.

మళ్ళీ తనిఖీ. ఈసారి భుజంగరావు గారితో అగ్నిమాపకం ఆయన, ఉద్యానవనాల ఆయన, చెరువుల ఆయన కూడా వచ్చారు. అగ్గిపెట్టెలో లక్క చిలకని కూర్చోబెట్టి లిఫ్టు పరీక్షించారు. నాలుగో అంతస్తుకీ అయిదో అంతస్తుకీ మధ్య అది ఆగిపోయింది. “లిఫ్టుకి ఉండవలసిన లక్షణాలన్నీ ఉన్నవి” అని భుజంగరావు గారు రాయించారు. మెంతి పార్కుని ఉద్యానవనాల ఆయన మెచ్చుకుని, దశమి తర్వాత దాన్ని పప్పులో వెయ్యడానికి చెట్ల నరికివేత అనుమతి తీసుకోవాలని హెచ్చరించారు.

తర్వాత ప్రహరీ దగ్గరికొచ్చారు.

“నాణ్యత పరీక్షకి నమూనా తీయాలి” అని భుజంగరావు గారు ఒక బిస్కెట్టు విరిచి నోట్లో వేసుకున్నారు. కాసేపు కళ్ళు మూసుకుని, “ఒకచోట నమూనాతో మన్నిక చెప్పలేం” అని మరో వైపు నుంచి ఇంకోటి తీశారు. శాఖల మధ్య సమన్వయం ఉండాలి కాబట్టి మిగతా ముగ్గురూ విడివిడిగా నమూనాలు తీశారు. చెరువుల ఆయన నీటి తాకిడికి ఎట్లా ఉంటుందో చూడాలని టీ అడిగారు. వాళ్ళు లేచేసరికి దక్షిణం వైపు గోడ లేదు.

“ప్రహరీ మూడు వైపులే ఉంది. లోపంగా నమోదు చేసుకోండి” అన్నారు భుజంగరావు గారు మూతి తుడుచుకుంటూ.

త్రిపుర పళ్ళు కొరుక్కుని మళ్ళీ పిండి కొలిచింది. నేను మళ్ళీ బేకరీకి వెళ్ళాను. బషీర్ నన్ను చూసి, “ఏందన్నా, ఇంట్లో పెళ్ళా?” అన్నాడు. కాదు, గోడ పడిపోయిందని చెప్పాను.

ఇన్ని చేశాక తేలింది ఏమిటయ్యా అంటే, తొమ్మిది అంతస్తులకి ఎదుట రోడ్డు వెడల్పు చాలదట. రోడ్డంటే మా సోఫాకీ కొలువుకీ మధ్య దారి. అందులో మనిషి పక్కకి తిరిగి నడవాలి, నిజమే.

“సోఫా తీసేస్తామండీ” అన్నాను.

“తీసినా దాని వెనక హాలు గోడ ఉంది కదా. రోడ్డు విస్తరణలో ఆ గోడ పోవాలి.”

“గోడ పడగొడితే కొలువు ఉండనిస్తారా?” అని అడిగింది త్రిపుర. అడుగుతూనే గోడని పైనుంచి కిందిదాకా చూపుతో కొలుస్తోంది. నా అదృష్టం బాగుండి ఆ గోడకి అవతల పక్కవాటా ఆండాళమ్మ గారి వంటిల్లు ఉంది. ఆవిడ పొయ్యి మీద పాలు కూడా ఉన్నాయి. లేకపోతే ఈ కథ నేను ఆరుబయట కూర్చుని చెప్పేవాణ్ణి.

దాంతో కూల్చివేత ఖాయమైంది. ఆ రాత్రి త్రిపుర అన్నం ముట్టలేదు. “అమ్మ ఇన్నేళ్ళు కాపాడింది. నా చేతికొచ్చిన మొదటి ఏడే కూలగొట్టించుకుంటున్నాను” అని కొలువు ముందు కూర్చుని కన్నీళ్ళు పెట్టుకుంది. నాకు వాళ్ళందర్నీ కట్టకట్టి ఆ రంగేసిన కానుగ చెట్లకి వేలాడదీయాలన్నంత కోపం వచ్చింది. కోపం వచ్చి ఏం లాభం, పడుకున్నాను.

అయితే కూల్చే ముందు ప్రతి అంతస్తు నివాసులకీ ఖాళీ చెయ్యమని విడివిడిగా నోటీసు ఇవ్వాలని నిబంధన ఉంది. ప్రశాంతి కూర్చుని రాసింది. పప్పుల కొట్టు దంపతులకి ఒకటి, పెళ్ళివారికి ఒకటి, మేళగాళ్ళకి ఒకటి. అన్నిటి మీదా భుజంగరావు గారు గబగబా సంతకాలు గీకేశారు. ఆఖరి కాగితం దగ్గర కలం ఆగింది. చిరునామా చోట ‘శ్రీ అమ్మవారు, తొమ్మిదవ అంతస్తు’ అని ఉంది.

నవరాత్రుల్లో అమ్మవారిని ఖాళీ చెయ్యమని సంతకం పెట్టే మొనగాడెవరు? భుజంగరావు గారు తన హోదా చాలదని పైకి పంపారు. పైనాయన తన భార్య ఉపవాసాల్లో ఉందని ఇంకా పైకి పంపారు. కమిషనరు గారు ‘చర్చించండి’ అని రాసి కిందికి దొర్లించారు. ఆ కాగితం మేడ మీదికీ కిందికీ తిరిగింది. ఆఫీసులో సగం మంది సెలవు పెట్టారు. చివరికి అందరూ కూర్చుని, ఎవరూ సంతకం పెట్టనక్కర్లేని మార్గం కనిపెట్టారు.

“తొమ్మిదవ అంతస్తును యథాతథముగా యథాస్థానమునందే ఉంచి, దాని దిగువనున్న ఎనిమిది అంతస్తులను తొలగించవలెను.”

నేను కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. అదే ఉంది.

దుర్గాష్టమి నాడు సాయంత్రం వీధిలో ఆడవాళ్ళందర్నీ త్రిపుర పేరంటానికి పిలిచింది. మధ్యాహ్నం మూడింటికి కూల్చివేత దళం వచ్చింది. అందరూ గునపాలు, సుత్తులు పట్టుకున్న బలమైన మనుషులు. వాళ్ళ మేస్త్రీ యేసుపాదం మా గుమ్మంలో తల వంచుకుని లోపలికి వచ్చి, కొలువు చూసి, సుత్తి వెనక్కి దాచుకున్నాడు.

“ఇదా సార్ బిల్డింగు?” అన్నాడు.

“మాట్లాడక కానివ్వు. నిబంధన గుర్తుంది కదా, నివాసులకు ఎట్టి హానీ కలగరాదు. ముందు వారిని సురక్షితంగా తరలించాలి” అన్నారు భుజంగరావు గారు.

ఆ మాట వినగానే త్రిపుర మొహంలో ఏదో మారింది. ఏడుపు పోయింది. “మంచిది. చేతులు కడుక్కుని రండి బాబూ. మట్టి బొమ్మలు, రెండు చేతులా పట్టుకోవాలి” అంది.

యేసుపాదం చేతులు కడుక్కొచ్చి, త్రిపుర వాళ్ళమ్మ చివరిసారి కొన్న చిలకల కొలికి బొమ్మని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. “ఎక్కడ పెట్టమంటారమ్మా?”

“వట్టి నేల మీద పెట్టగూడదు. మా అమ్మ పెట్టలేదు.”

“బల్ల మీద?” అన్నాను నేను.

“బల్ల మీద పెడితే మళ్ళీ ఒక అంతస్తు అవుతుంది. దానికి వేరే అనుమతి కావాలి” అన్నారు భుజంగరావు గారు వెంటనే. అలవాటు అట్లాంటిది.

“మంచం మీద?”

“దశమి దాకా బొమ్మల్ని పడుకోబెట్టం” అంది త్రిపుర.

“అయితే పట్టుకునే ఉండండి” అన్నారు భుజంగరావు గారు తన మనుషులతో.

అట్లా మొదలైంది. అడుగు మెట్టు బొమ్మలు కొందరు పట్టుకుంటే మిగతావాళ్ళు కింది పెట్టెలు వసారాలోకి లాగేవారు. తర్వాత దాని పైమెట్టు, ఆ తర్వాత దాని పైది. ఒక్కొక్క మెట్టు పోయే కొద్దీ ఖాళీ చేతులు తగ్గిపోతున్నాయి. ఒకడు చెరో చేతిలో వధూవరుల్ని పట్టుకుని, చంకలో సన్నాయి మేళగాణ్ణి ఇరికించుకున్నాడు. ఇంకొకడి చొక్కా జేబులోంచి లక్క చిలక తొంగి చూస్తోంది. ఎనిమిదో మెట్టు వచ్చేసరికి దళంలో ఖాళీ చెయ్యి లేదు. పై చెక్క ఒక్కటీ యథాస్థానంలో ఉండాలి. దాని మీద నిండు కలశం ఉంది.

అందరూ భుజంగరావు గారి వైపు చూశారు. ఆయన నా వైపు చూశారు.

“కూల్చివేత పనుల్లో పౌరులు వేలు పెట్టరాదని మీ నోటీసులోనే ఉందండీ” అన్నాను. అన్నందుకు ఇప్పటికీ నాకు హాయిగా ఉంది.

ఆయన చెక్క కిందికి దూరి రెండు చేతులూ పైకెత్తి పట్టుకున్నారు. ఆఖరి సూటుకేసుని నేను పౌరుడిగా కాక, సూటుకేసు యజమానిగా లాగేసుకున్నాను.

“కలశం ఒరగనియ్యకండి” అంది త్రిపుర. ఆ తర్వాత దళం కేసి తిరిగింది. “పొట్టివాళ్ళు ముందు కూర్చోండి బాబూ. మధ్యవాళ్ళు మోకాళ్ళ మీద. పొడుగువాళ్ళు వెనక నిలబడండి. యేసుపాదం, దశావతారాలు కాస్త పైకి.” నా పట్టుపంచె తెచ్చి అందరి భుజాల మీదుగా పరిచింది. ఒక్క బొమ్మకీ వేలు కూడా విరగలేదు. చూసి చూసి తృప్తిగా గాలి పీల్చుకుని, దీపం వెలిగించింది.

ప్రశాంతి ఫొటో తీసి ఎక్కించింది. “అంతస్తులు సున్నా. ఆకుపచ్చ వచ్చింది సార్” అంది. భుజంగరావు గారు చెక్క కింద నుంచి తల ఊపబోయి, కలశం గుర్తొచ్చి ఆగిపోయారు.

అప్పటికే పేరంటాళ్ళు గుమ్మంలో ఉన్నారు. లోపలికి వచ్చారు, చూశారు, మా వీధి ఆడవాళ్ళు దేనికీ ఆశ్చర్యపోయే రకం కాదు కాబట్టి బొట్టు పెట్టించుకుని కూర్చున్నారు. పాటలు పాడారు. హారతి ఇచ్చారు. పక్కవాటా ఆండాళమ్మ గారికి చూపు కాస్త మందం. ఆవిడ వరసల వెంట నెమ్మదిగా నడుస్తూ ఒక్కొక్కరి మొహంలోకీ తొంగి చూస్తోంది.

“అమ్మా, ఎందాకా పట్టుకోవాలి?” అని భుజంగరావు గారు గొంతు తగ్గించి అడిగారు.

“కొలువు కదపగూడదండీ. దశమి సాయంత్రం దాకా” అంది త్రిపుర, ఆయన నోట్లో నాలుగు సెనగ గుగ్గిళ్ళు వేస్తూ.

ఆండాళమ్మ గారు ఆయన దగ్గర ఆగి, బొజ్జ మీద వేలితో పొడిచి చూసింది.

“ఈ ఏడు బొమ్మలు భలే పెద్దవి పెట్టావే అమ్మాయ్. ఎక్కడ కొన్నావు?”

“కొనలేదు పిన్నిగారూ. మనం కట్టే ఇంటి పన్నుతో వచ్చినయ్యే.”

ఆవిడ ఇంకోసారి పొడిచి చూసింది. “మేమూ కడుతున్నాంగా ఏటేటా. మరి మాకేవి?” అని భుజంగరావు గారినే అడిగింది.